ఎడమ చేతి గాజులు

3 జనవరి 1978, మంగళవారం

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిషను మీద. ఇంటికొచ్చి పడుకుంటే మంచం తిరుగుతోంది. అబిడ్స్‌లో పెన్నుల దుకాణం ఉన్నవాడి భార్య డైరీ ఖాళీగా ఉంటే బాగుండదని ఈ నాలుగు ముక్కలు.

5 జనవరి, గురువారం

ఇవాళ కొంచెం మనిషిని. మిషను మర్నాడు శవాన్ని, ఆ మర్నాడు మనిషిని. ఆపైన మళ్లీ కాళ్లు ఉబ్బి, నోరు చేదెక్కి, ఎప్పుడు మిషనా అని ఎదురుచూపు. నా మూత్రపిండాలు రెండూ పని మానేసి ఏడాది దాటింది. వాటి పని మంగళవారం, శుక్రవారం ఆ యంత్రం చేస్తుంది. వారంలో రెండు రోజులు అది నా కోసం, మిగతా రోజులు నేను దాని కోసం. చూడవచ్చినవాళ్లు "ఎంత అదృష్టం, మిషను దొరికింది" అంటారు. నిజమే. ఎవరికైనా కావాలంటే సగం ఇస్తాను.

ఎడమ ముంజేతిలోంచి రెండు గొట్టాలు బయటికొచ్చి ఒకదాంతో ఒకటి అతుక్కుని ఉంటాయి. ఒకదాంట్లోంచి నెత్తురు మిషనుకు పోతుంది, ఉతికించుకుని రెండోదాంట్లోంచి వెనక్కి వస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు పైన పట్టీ. పట్టీకి రెండు క్లిప్పులు, గొట్టం ఊడితే నేనే పట్టి నొక్కుకోవడానికి. "బేజారు కావద్దు మేడం, ఊడిందని తెలిసెలోపల నొక్కెయ్యాలె" అంటుంది సిస్టర్ నాగరత్నం.

డాక్టర్ వామన్‌రావు గారు వచ్చినప్పుడల్లా అదే పాఠం. "కాళ్లకు గొట్టాలు పెట్టి చూసినం, రెండుసార్లు మూసుకుపోయినయి. ఈ చెయ్యి పైలం అమ్మా. గడియారం వద్దు, గాజు వద్దు, బరువు వద్దు, దాని మీద ఒరిగి పండుకోవద్దు. ఇది గిట్ల పోతె ఇంక కుడి చెయ్యే. మరి బోర్డు మీద రాసుడు ఉండదు."

అది నాకు చెప్పక్కర్లేదు. మా బడి పెద్ద మేడం మాటిచ్చింది. జూన్‌లో బడి తెరిచాక పదో తరగతికి తెలుగు, మిషను లేని రోజుల్లో రెండేసి పీరియడ్లు. అడిగినవాళ్లకు మా ఆయన కోసం బతుకుతున్నానని చెబుతాను. నిజానికి ఆ రెండు పీరియడ్ల కోసం.

8 జనవరి, ఆదివారం

ఆయన ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని తెచ్చారు. చేతిలో పట్టుకుంటే దురద. ఒళ్లంతా దురద. లోపలెక్కడో ఉంది, గోటికి అందదు.

13 జనవరి, శుక్రవారం

పక్క మంచం మీద లక్ష్మణరావు గారు. సర్కారు ఆఫీసులో గుమాస్తా. రాష్ట్రం ఏర్పడ్డ ఏడు కృష్ణా జిల్లా నుంచి ఫైళ్లతోపాటు వచ్చారట. దివి తాలూకా మనిషి. మొన్న నవంబరు ఉప్పెనలో అక్కడి చుట్టాలు చాలామంది పోయారు.

"చూశారా టీచరుగారూ, మావాళ్లంతా నీళ్లెక్కువై పోయారు. నేను నీళ్లు తాగనివ్వక పోతాను. దేవుడికి పంపకం చేతకాదండీ" అన్నారు.

నేను నవ్వాను. 

17 జనవరి, మంగళవారం

రోగి కోరేదీ పాలే, వైద్యుడిచ్చేదీ పాలే అంటారు. ఆ సామెత కట్టినవాడు మా దవాఖానకు రాలేదు. పాలు అరగ్లాసు. పండు వద్దు, కొబ్బరి వద్దు, టమాటా వద్దు. కూర ఉడికించి నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి మళ్లీ పారబోసి, ఆ పిప్పి ఉప్పు లేకుండా తినాలి. ఉప్పూ కారం తినడం లేదా అని ఎంతమంది ఆడపిల్లల్ని తిట్టానో. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే లేదనే చెప్పాలి.

రోజంతటికీ ఒక చెంబు నీళ్లు. నీళ్ల కుండను అత్తమ్మ పూజగదిలోకి మార్చింది. దేవుడి ఎదుట దొంగతనం చెయ్యనని ఆమె నమ్మకం. నిన్న దేవుడి ఎదుటే చేశాను.

22 జనవరి, ఆదివారం

చూడ్డానికి నలుగురొచ్చారు. వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం మా ఇంటి మర్యాద. నలుగురూ నా ఎదుట కూర్చుని గటగటా తాగారు. ఒకామె సగం వదిలేసింది. అత్తమ్మ ఆ సగం గ్లాసు తులసికోటలో పోసేదాకా నా కళ్లు దాని వెంటే వెళ్లాయి.

5 ఫిబ్రవరి, ఆదివారం

పక్క వాటాలో వసుమతి పసుపుబొట్టుకు అందరినీ పిలిచింది. మెట్ల మీద పైవాటావాళ్ల గొంతులు వినిపించాయి. కుంకుమ భరిణె మా గుమ్మం దాటి వెళ్లిపోయింది. ఏం పోయింది, వెళితే శనగలు పెడతారు, అవీ నాకు పనికిరావు.

6 ఫిబ్రవరి, సోమవారం

శనగల సంగతి కాదు. నా ఎడమ చెయ్యి బోసిగా ఉందని పిలవలేదట. అత్తమ్మే చెప్పింది.

"ఆమెను అనవట్టి ఏం లాభం బిడ్డా. ఒక చేతికి గాజులు, ఒక చెయ్యి బోడి. జూసెటోళ్లు ఏమనుకుంటరు? నాకే పొద్దున నీ చెయ్యి జూస్తె గుండె దడదడ అంటది. నా గాజులు పలగ్గొట్టిన నాటి చప్పుడు ఇంక నా చెవులల్ల ఉన్నది."

"అత్తమ్మా, నీ కొడుకు మంచిగనే ఉన్నరు. బాగలేంది నాకు."

"ఔ, వాడు మంచిగుండాలెననే అంటున్న."

ఆయన ఆయుష్షు గాజుల్లో ఉంది, నాది గొట్టంలో. మణికట్టు మాత్రం ఒకటే. ఇద్దరి ప్రాణాలు పెట్టుకోవడానికి అక్కడ చోటు లేదు. ఈ మాట ఆయనతో అందామని చూశాను. ఆయన అన్నం తింటున్నారు, ఉప్పు చాల్లేదని అడిగి వేసుకున్నారు. అనలేదు.

7 ఫిబ్రవరి, మంగళవారం

లక్ష్మణరావు గారితో గాజుల సంగతి చెప్పాను. "మగాణ్ణి కాబట్టి బతికిపోయానండీ. నా చెయ్యి చూసి మా ఆవిడకేమవుద్దోనని ఎవరూ దిగులుపడరు" అన్నారు. ఆయన పొట్టిచేతుల చొక్కా వేసుకుని బస్సెక్కుతారు. పట్టీ చూసి జనం సీటిస్తారట.

12 ఫిబ్రవరి, ఆదివారం

గౌలిగూడ నుంచి అన్న వచ్చాడు. మా విద్యాసాగర్ అన్నకు అబద్ధం చెప్పడం చిన్నప్పటి నుంచీ రాదు, గోడవైపు చూసి మాట్లాడతాడు.

"విద్యా, నీ పెండ్లయి ఇది పంతొమ్మిదో ఏడు. బేసి ఏడే. వచ్చే ఆదివారం మంచిరోజున్నది. నీకు ఒడిబియ్యం పోద్దామనుకుంటున్నం."

"గింత తొందర ఏమొచ్చిందన్నా? ఇరవయ్యొకటో ఏడు గూడ బేసే గద."

అన్న గోడనే చూస్తున్నాడు. వచ్చే బేసి ఏడు దాకా నేనుంటానని వాడికి నమ్మకం లేదు. పుట్టింటివాళ్లు బేసి ఏడు చూసి ఆడపిల్ల ఒడి బియ్యంతో నింపి పంపకపోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు. నేను పోయేలోపు బాకీ ఉండకుండా చూసుకుంటున్నారు. వస్తానన్నాను.

16 ఫిబ్రవరి, గురువారం

పైట ఎడమ చేతి మీదికి లాక్కుంటే పట్టీ కనబడదు. అద్దంలో చూశాను. కనబడుతోంది.

19 ఫిబ్రవరి, ఆదివారం

రిక్షాలో గౌలిగూడ. దారంతా ఎన్నికల మైకులు. వదిన కమల నాకోసం ఆకుపచ్చ చీర కొన్నది. నన్ను పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, ముఖానికి పసుపు రాసి, జడ వేసి పూలు పెట్టింది. ఎన్ని నెలలైందో నా ముఖాన్ని ఎవరైనా తాకి. దవాఖానలో అందరూ చెయ్యే తాకుతారు.

అత్తమ్మ వచ్చింది కానీ లోపలి గదిలోనే ఉండిపోయింది. ఇలాంటి చోట్లకు ఆమె ఎదురుగా రాదు. అక్కడి నుంచే కేకేసింది: "కమలా, రెండు చేతులకు గాజులు ఏసినవా? బోడి చెయ్యితోని ఒడి పడితె పుట్టింటికీ మంచిదిగాదు, అత్తింటికీ మంచిదిగాదు."

వదిన నా పక్కన కూర్చుంది. "పెద్ద సైజు తెచ్చిన విద్యా. పట్టీ మీద ఎయ్యను, నాకు తెల్వదా? పట్టీ దాటిచ్చి పైన, మోచెయ్యి కాడ ఏస్త. గాడ గొట్టం లేదు గద?"

లేదు. గొట్టం పట్టీ కిందే ఉంది. పైన ఉన్నది నా చెయ్యి. వదిన కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. ఆమె మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను. తెల్లారితే తీసేయొచ్చు కదా.

ఆకుపచ్చ మట్టిగాజులు, చెయ్యికి ఆరు. పట్టీ దాటేటప్పుడు కొంచెం పట్టుకున్నాయి, పైకి పోయాక కదలకుండా నిలిచాయి. చెయ్యి ఊపితే రెండువైపులా చప్పుడు. ఐదుగురు ముత్తైదువలు పసుపుబియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు దోసిళ్లతో ఒళ్లో పోశారు. కుడుకలు, ఖర్జూరం నాకు విషం, తినొద్దన్నవన్నీ ఒళ్లోనే ఉన్నాయి. ఆ మూట రెండు చేతులా పట్టుకుని గడప దాటాను. బరువు కుడిచేతి మీదే వేశాను. దాదాపు కుడిచేతి మీదే.

వసుమతి కూడా వచ్చింది. వదిన పిలిచిందట. నా చేతుల వైపు చూసి, "ఎంత కళగ ఉన్నవమ్మా" అంది. అవును, ఉన్నాను.

ఈ బియ్యం మా ఇంట్లో వండేదాకా గాజులు తియ్యొద్దని అత్తమ్మ. రేపు వండుతుంది. వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయి. చలి.

20 ఫిబ్రవరి, సోమవారం

చలి కాదు.

21 ఫిబ్రవరి, మంగళవారం

రాయగలిగినప్పుడే రాయాలి. దవాఖాన మంచం మీద రాస్తున్నాను. పెన్ను ఆయనది.

నిన్న పొద్దున లేవగానే పట్టీ మీద వేలు పెట్టాను. రోజూ అక్కడ వెచ్చగా ఉంటుంది, లోపల సన్నగా రొద పెడుతుంది. నిన్న చల్లగా ఉంది. పట్టీ విప్పి చూస్తే గొట్టంలో నెత్తురు గడ్డకట్టి నల్లగా, దాని పక్కన తేటనీరు విడిపోయి ఉన్నాయి. మళ్లీ కట్టేశాను. పైన శాలువా చుట్టాను. కాసేపైతే వెచ్చబడుతుందనుకున్నాను. అత్తమ్మ వంటింట్లో ఒడిబియ్యం కడుగుతోంది. మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేది అని ఇప్పుడు అడక్కూడదు.

చెప్పేసరికి మోచెయ్యి ఉబ్బి గాజులు ఒంట్లోకి దిగిపోయి ఉన్నాయి. సబ్బు రాశారు, రాలేదు. నూనె రాశారు, రాలేదు. దుకాణానికి కబురు పెడితే ఆయన పరిగెత్తుకొచ్చారు.

"పలగ్గొట్టున్రి" అన్నాను నేను.

అత్తమ్మ నా చెయ్యికి అడ్డం పడింది. "నా కొడుకు కండ్ల ముంగట నిలవడి ఉండంగ పెండ్లాం గాజులు పలగ్గొడ్తరా? మీకేమన్న పురుగు గిట్ల కుట్టిందా? జర ఆగున్రి, వస్తయి. సబ్బు తెండి."

నేను ఆయన వైపు చూశాను. పంతొమ్మిదేళ్లుగా ఆయన్ను ఏదీ అడగలేదని కాదు, ఇలా అడగలేదు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి వస్తే అత్తమ్మ జరిగేది. ఇంటర్ దాకా చదివిన మనిషి. శకునాలంటే నవ్వే మనిషి. దుకాణంలో నిమ్మకాయ కూడా కట్టడు.

"ఇంకొకసారి సబ్బు పెట్టి చూడమ్మా" అన్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు. ఒక్కో గాజు తియ్యడానికి ఎంతసేపు పట్టిందో, చర్మం ఎంత ఊడిందో. నాలుగు వచ్చాయి, రెండు రాలేదు. ఆ రెంటితోనే దవాఖానకు తెచ్చారు. నాగరత్నం చూసింది. గాజు కింద గుడ్డ దూర్చి కత్తెర మొనతో టక్కున కొట్టింది. ఆయన అప్పటికే వరండాలోకి వెళ్లిపోయారు.

వామన్‌రావు గారు గొట్టంలోకి మందెక్కించి, వెనక్కి లాగి, మళ్లీ ఎక్కించి చాలా సేపు చూశారు. "పొద్దుగాల్నే తెస్తె..." అని మధ్యలో ఆపేశారు. ఎందుకు ఆలస్యమైందని అడిగారు. రిక్షా దొరకలేదని మా ఆయన చెప్పారు.

ఇవాళ మిషను లేదు, ఎక్కించడానికి దారి లేదు. రేపు కుడిచేతికి ఆపరేషన్. మణికట్టు వంచొద్దు, రాయొద్దు అన్నారు. ఈ చేత్తో ఇదే ఆఖరి పేజీ. అక్షరాలు ఎంత బాగున్నాయో, ఇన్నేళ్లు వీటిని చూడనేలేదు.

11 మార్చి

ఎడమ చెయ్యి. రాస్తున్నది నేనే.

14 మార్చి

వదిన వచ్చి ఏడ్చింది. ఊరుకో అన్నాను. ఊరుకుంది. అంత తొందరగా ఊరుకోవాల్సింది కాదు.

2 ఏప్రిల్

ఎడమ చేతి పుండు మానింది. అత్తమ్మ గాజులు తెచ్చింది. "ఇప్పుడు గీ చేతికి ఫికర్ లేదు గద బిడ్డా." గొట్టమున్న కుడిచెయ్యి ఇప్పుడు బోసిది.  ఏదో ఒక చెయ్యి నిండుగా ఉంది.

25 ఏప్రిల్

లక్ష్మణరావు గారి మంచం మీద ఇంకొకరు. పోయేముందు మామిడిపళ్లు తిన్నారట, కడుపునిండా. తెలిసే తిన్నారంది నాగరత్నం. ఏ పళ్లని అడిగాను. బంగినపల్లి. పోనీ, మంచివే తిన్నారు.

9 మే

రోజూ పలక మీద రాస్తున్నాను. అ, ఆ. గాజులు పలకకు తగిలి గీత వంకర పోతుంది. ఆయన పలక చూసి, "మంచిగ వస్తున్నది" అన్నారు. నేను పలక తుడిచేశాను. ఆయనతో ఫిబ్రవరి సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కొత్త పెన్ను తెచ్చిచ్చారు.

28 మే, ఆదివారం

పెద్ద మేడం ఇంటికొచ్చింది. "పిల్లలు ఎదురు చూస్తున్రు విద్యావతీ. కూర్చొని చెప్పు చాలు. బోర్డు మీద రాసేదానికి క్లాస్ లీడర్ ఉన్నది." మంచినీళ్లు తాగింది. నేను రాస్తానన్నాను. ఆమె నా రెండు చేతులూ మార్చి మార్చి చూసింది.

12 జూన్, సోమవారం

ఈ పేజీ రెండు విడతలుగా రాస్తున్నాను, చెయ్యి నొప్పి.

పొద్దున స్నానం చేసి, ఎడమ చేతికి సబ్బు రాసి గాజులు తీసేశాను. ఉబ్బు లేదు, సులువుగా వచ్చాయి. ఆరింటినీ పూజగదిలో కుండ పక్కన పెట్టాను. గాజులు బోర్డుకు తగిలితే గీత చెడుతుంది, అంతే. ఇంకేం కారణం లేదు.

అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. "రెండు చేతులు బోడిగ పెట్టుకోని యాడికి పోతవ్? నలుగుట్ల తిరుగుతవా? ఇయ్యాల సోమారం. వాడు దుకాణం తెరిచిండో లేదో."

"బడికి పోతున్న అత్తమ్మా. జర జరుగు."

జరగలేదు. పక్కకు తప్పుకుని మెట్లు దిగాను. వసుమతి కిటికీలోంచి చూసి రెక్క వేసేసుకుంది.

పదో తరగతి. నలభైమంది ఆడపిల్లలు లేచి నిలబడ్డారు. వాళ్లకు ముందే చెప్పి ఉంచారు కాబోలు, ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తున్నారు. జబ్బు పడకముందు నేను వెళ్తే ఇలా ఉండేదా, సందడి ఆపడానికే డస్టర్ బల్లకేసి కొట్టాల్సి వచ్చేది. సుద్దముక్క ఎడమ చేత్తో తీసుకుని తేదీ వేశాను. దాని కింద పాఠం పేరు రాశాను. చెయ్యి పైకెత్తి ఉంచడం కష్టమైంది. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి, చివరికొచ్చేసరికి బోర్డు మూలకు జారిపోయాయి. ఒకటో తరగతి పిల్ల రాసినా దిద్దించి మళ్లీ రాయిస్తాను.

వెనక్కి తిరిగేసరికి చప్పట్లు కొట్టారు. ముందు ఒకమ్మాయి, తర్వాత అందరూ.

నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్లలో వంకర రాతకు నేనెవరికీ చప్పట్లు కొట్టలేదు. వాళ్ల అక్కల్ని ఈ గదిలోనే నిలబెట్టి, ఏడ్చేదాకా రాయించాను. వాళ్ల రాత బాగుపడింది. నా రాత బాగుపడదని ఈ నలభైమందికీ తెలుసు, అందుకే కొట్టారు. కూర్చోండి అన్నాను. కూర్చున్నారు. నేను బోర్డు చెరిపి మళ్లీ రాశాను. మొదటిదానికన్నా అన్యాయంగా వచ్చింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాఠం మొదలుపెట్టాను.

రెండో పీరియడ్‌లో వెనక బెంచీలో ఇద్దరు మాట్లాడుకుంటే ఒకదాన్ని నిలబెట్టాను. నాకు హాయిగా అనిపించిన క్షణం అదొక్కటే.

వచ్చేటప్పుడు రిక్షా అతన్ని అబిడ్స్ మీదుగా పోనిమ్మన్నాను. దుకాణం ముందు కాసేపు ఆపించాను. ఆయన గల్లా దగ్గర కూర్చుని ఎవరికో పెన్నుల పాళీలు చూపిస్తున్నారు. కాగితం మీద గీసి, తల వంచి చూసి, మళ్లీ గీస్తున్నారు. మనిషి రంగు బాగుంది. కొంచెం ఒళ్లు కూడా చేశారు. రెండు బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీంచి చూశాను. ఆయన తలెత్తలేదు. కొనేవాడి మాటకు నవ్వారు. పోనిమ్మన్నాను.

అత్తమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. పొద్దున్నుంచి అక్కడే కూర్చుందో ఏమో, నేను మెట్లెక్కడానికి ఆగి ఆగి ఊపిరి తీసుకుంటుంటే లేచి నిలబడింది.

"దుకాణం దిక్కు నుంచి వచ్చినవా? వాడు కనవడ్డడా? మంచిగున్నడా?"

"ఉన్నరు అత్తమ్మా. నిక్షేపంగ ఉన్నరు. నేను గూడ బతికే వచ్చిన. నువ్వు అడగలేదని చెప్తున్న."